చెయ్యి బాగైందని ఎవరు చెప్పాలి?

మా చెల్లె ఆస్పత్రి ఫైలులో ఈసారి ఒక కొత్త వాక్యం చేరింది. కుడి చేతి పనితీరులో చెప్పుకోదగ్గ మెరుగుదల ఉందని. దాని పక్కన రెండు అంకెలు. వేళ్ళు ఎంత చురుగ్గా పనిచేస్తున్నాయో సెకన్లలో కొలిచే పెగ్ టెస్టుకు నిరుడు 41 సెకన్లు పట్టింది, ఇప్పుడు 32. హైదరాబాద్ నుంచి బస్సులో తిరిగి వస్తూ చౌటుప్పల్ దాటేదాకా తను ఏమీ మాట్లాడలేదు. తర్వాత అడిగింది: "అన్నా, బాగైందని రాసిండ్రు గదా. మరి నాకు జడ ఎందుకు ఏసుకోవస్తలేదు?"

తనకున్నది ఎం.ఎస్., అంటే మల్టిపుల్ స్క్లెరోసిస్, మెదడులో, వెన్నుపాములో నరాలను దెబ్బతీసే జబ్బు. అది మా ఇంటికి ఎలా వచ్చిందో ఇక్కడ ముందే రాశాను. ఈసారి ఆ ఒక్క ప్రశ్న గురించే. దాని మీద కొంత చదివాను, డాక్టర్లను అడిగాను, చాలాసార్లు చెల్లెతోనే వాదించాను. చివరికి నాకు అనిపించింది ముందే చెప్పేస్తాను. సెకన్లు కొలవాల్సిందే. కానీ ఎంత మారితే బాగైనట్టు అన్న మాట ఆ చెయ్యి ఎవరిదో వాళ్ళ నుంచి రావాలి. అది కూడా చికిత్స మొదలుపెట్టకముందే రావాలి, టెస్టు అయ్యాక కాదు.

ఇరవై శాతం ఎక్కడి నుంచి వచ్చింది

చూడనివాళ్ళ కోసం: నైన్ హోల్ పెగ్ టెస్ట్ అంటే తొమ్మిది రంధ్రాలున్న చిన్న బోర్డు, దాని పక్కన గిన్నెలాంటి గుంటలో తొమ్మిది పుల్లలు. ఒక చేత్తో ఒక్కొక్క పుల్లా తీసి రంధ్రంలో పెట్టాలి, తొమ్మిదీ పెట్టాక మళ్ళీ ఒక్కొక్కటే తీసి గుంటలో వేయాలి. స్టాప్‌వాచ్ నడుస్తూ ఉంటుంది. ముందు వాటంగా వాడే చెయ్యి, తర్వాత రెండోది, ఒక్కో చేతికి రెండుసార్లు. ఏ జబ్బూ లేని పెద్దవాళ్ళకు సుమారు 20 సెకన్లు పడుతుంది. 300 సెకన్లలో కూడా పూర్తి చేయలేకపోతే అక్కడితో ఆపేస్తారు.

ఈ టెస్టు మీద నాకు గౌరవమే. ఎందుకంటే ఎం.ఎస్.కు ఎక్కువగా వాడే కొలబద్ద చేతులను దాదాపు పట్టించుకోలేదు. జాన్ కుర్ట్జ్‌కీ అనే అమెరికా న్యూరాలజిస్టు 1983లో ఇచ్చిన, వైకల్యాన్ని కొలిచే ఈడీఎస్ఎస్ స్కేలు సున్నా నుంచి పది దాకా ఉంటుంది. అందులో నాలుగు దాటాక లెక్క దాదాపు అంతా నడక మీదే. కర్ర పట్టుకుని వంద మీటర్లు నడిస్తే 6, వీల్‌చైర్‌కు చేరితే 7. ఈ మధ్యలో ఒక మనిషి వేళ్ళు మొద్దుబారి అన్నం ముద్ద జారిపోతున్నా ఆ అంకె కదలకపోవచ్చు. అందుకే 1990లలో అమెరికాలో నేషనల్ ఎం.ఎస్. సొసైటీ పూనుకుని పాతిక అడుగుల నడక, పెగ్ టెస్టు, మనసులో కూడికలు చేసే పరీక్ష, ఈ మూడూ కలిపి కొత్త కొలత తయారు చేయించింది.

దాని వల్ల ఏం ఒరిగిందో చెప్పడానికి ఒక ఉదాహరణ చాలు. నటాలిజుమాబ్ అనే ఎం.ఎస్. మందును సెకండరీ ప్రోగ్రెసివ్ దశలో, అంటే జబ్బు నెమ్మదిగా ముదురుతూ పోయే దశలో ఉన్నవాళ్ళ మీద పరీక్షించిన అసెండ్ ట్రయల్ ఫలితాలు 2018లో అచ్చయ్యాయి. మొత్తం మీద చూస్తే ఆ ట్రయల్ విఫలమైంది. కానీ విడివిడిగా చూస్తే, మందు తీసుకున్నవాళ్ళలో చేతులు దిగజారడం మాత్రం తగ్గింది. పుల్లలు పెట్టించకపోయి ఉంటే ఆ సంగతి ఎవరికీ తెలిసేది కాదు. ఆ తర్వాత బ్రిటన్‌లో చారియట్ ఎం.ఎస్. అనే ట్రయల్ ఏకంగా నడక బాగా దెబ్బతిన్నవాళ్ళను, అసలు నడవలేనివాళ్ళను తీసుకుని, చేతినే ప్రధాన కొలతగా పెట్టుకుంది. కాళ్ళు పోయాయి కదా, ఇక మీకు చేసేదేముందని ఏళ్ళ తరబడి ట్రయల్స్ బయటే ఉంచిన మనుషులు వాళ్ళు. వీల్‌చైర్‌లో కూర్చున్న మనిషికి మిగిలిన స్వతంత్రం అంతా చేతుల్లోనే ఉంటుంది.

మరి పెగ్ సమయంలో మార్పు 20 శాతం దాటితేనే లెక్క అన్న నియమం ఎక్కడి నుంచి వచ్చింది? జబ్బులో ఏ మార్పూ లేకపోయినా ఒకే మనిషికి ఇవాళ ఒక సమయం, రేపు ఒక సమయం వస్తుంది. నిద్ర, అలసట, పుల్ల జారిపోవడం, ఏదైనా కావచ్చు. ఆ హెచ్చుతగ్గులు ఎంతవరకు ఉంటాయో పరిశోధకులు చూశారు. 20 శాతం దాటితే అది మామూలు ఊగిసలాట కాదు, నిజంగా ఏదో మారింది అని 2002లో అచ్చయిన ఒక అధ్యయనం తేల్చింది. అంతే. ఆ మార్పు మనిషికి పనికొచ్చిందా అనే ప్రశ్న అక్కడ లేదు. పోనుపోను వాడుకలో ఆ రెండూ కలిసిపోయాయి. మా చెల్లెకు 41 నుంచి 32 అంటే 22 శాతం తగ్గినట్టు. గీత దాటింది కాబట్టి చెప్పుకోదగ్గ మెరుగుదల అని రాశారు. గీత ఇవతల ఆగి ఉంటే మార్పు లేదని రాసేవారు.

ఇంకో స్కేలుది ఇంకా విచిత్రమైన కథ. చేతి పనిని చూసే యాక్షన్ రీసెర్చ్ ఆర్మ్ టెస్టులో 19 పనులుంటాయి, మొత్తం 57 మార్కులు. అందులో 5.7 పెరిగితే పనికొచ్చే మెరుగుదల అంటారు. ఆ అంకె పక్షవాతం వచ్చినవాళ్ళ చికిత్సల నుంచి వచ్చింది. పక్షవాతం సాధారణంగా ఒక పక్క పడుతుంది, పడ్డాక ఎంతో కొంత కోలుకుంటుంది. ఎం.ఎస్. చాలామందికి రెండు చేతులనూ పడుతుంది, ఏళ్ళు గడిచేకొద్దీ కిందికి లాగుతుంది. ఒక జబ్బు గీతను ఇంకో జబ్బుకు అరువు తెచ్చుకునేటప్పుడు అడగాల్సినవాళ్ళను అడగాలి కదా?

కళ్ళ ముందు చేసేది, వెనక చేసేది

చెల్లె అడిగినదానికి వస్తాను. పుల్ల పెట్టగలిగిన వేళ్ళు జడ ఎందుకు వేయలేవు? మొదట్లో నాకూ అర్థం కాలేదు. ఒకరోజు తను దువ్వెన పట్టుకుని కూర్చుంటే పక్కనే ఉండి చూశాను. జుట్టు మూడు పాయలు చేసింది. భుజం మీదుగా ముందుకు వేసుకుని, వంగి చూస్తూ అల్లితే నిదానంగానైనా వస్తోంది. అదే పాయలను వెనక్కి వేసుకోగానే, చేతులు మెడ వెనక్కి పోగానే, మధ్య పాయ ఏదో పక్క పాయ ఏదో వేళ్ళకు తెలియడం లేదు. రెండు మెలికలు తిరిగేసరికి మూడూ ఒక్కటైపోతున్నాయి.

పెగ్ టెస్టు చేసేటప్పుడు బోర్డు కళ్ళ ముందు ఉంటుంది. స్పర్శ తక్కువైన చేతికి చూపు సాయం చేస్తుంది. మెడ దగ్గర వెన్నుపాములో మచ్చలు పడ్డ ఎం.ఎస్. మనుషుల్లో కొందరికి బలం బాగానే ఉన్నా చెయ్యి ఎక్కడుందో, వేళ్ళ మధ్య ఏముందో తెలియకుండా పోతుంది. హెర్మన్ ఒపెన్‌హైమ్ అనే జర్మన్ డాక్టర్ వంద ఏళ్ళ కిందటే దీన్ని వర్ణించాడు, ఇప్పటికీ ఆయన పేరుతోనే పిలుస్తారు. అలాంటి చేతికి చూస్తూ చేసే పని వేరు, చూడకుండా చేసే పని వేరు. వెనక హుక్కులు, భుజం మీద కొంగుకు పిన్ను, చీకట్లో తలుపు గడియ, పర్సులోంచి చిల్లర తీయడం, ఇవన్నీ చూడకుండా చేసేవే. ఆ బోర్డు వాటి గురించి ఏమీ చెప్పదు.

మాది పుట్టపాక, ఇక్కత్ చీరలు నేసే ఊరు. చెల్లె చిటికి కట్టే పని చేసేది. తెలియనివాళ్ళకు చెప్పాలంటే, చట్రం మీద సాగదీసిన దారాలకు గుర్తులు పెట్టి, రంగు పట్టకూడని చోట సైకిల్ ట్యూబు నుంచి సన్నగా కోసిన రబ్బరు పట్టీని బిగించి చుట్టడం. ఎడమ చేతి వేళ్ళు దారాల కట్టను ఒత్తి పట్టుకోవాలి, కుడి చెయ్యి చుట్టాలి, చివర లోపలికి దోపి లాగాలి. పట్టు ఒక్క రవ్వ సడలినా రంగు లోపలికి పోతుంది, డిజైను చెడుతుంది. రెండు చేతులూ ఒకదానితో ఒకటి మాట్లాడుకుంటేనే అయ్యే పని అది. పెగ్ టెస్టు చేసేది ఒక్కో చేత్తో. ఇందాక చెప్పిన 57 మార్కులదీ అంతే.

పైగా ఆ మూడు పరీక్షల కొలతలో కుడి చెయ్యి, ఎడమ చెయ్యి రెంటి సమయాలనూ విలోమం చేసి సగటు తీస్తారు. లెక్కకు అది సరైనదే కావచ్చు. మన ఇళ్ళల్లో మాత్రం కుడి చెయ్యీ ఎడమ చెయ్యీ సమానం కాదు. కుడి చెయ్యి పోతే ఎడమతో తినడం ఒక్కటే దారి, ఆ దారిలో నలుగురి ముందు కూర్చోవడానికి చెల్లెకు మనసొప్పదు. పెళ్ళిళ్ళకు వచ్చి భోజనం చేయకుండా పోవడం మొదలుపెట్టింది అందుకే. చెంచా ఇస్తే వద్దంటుంది. తప్పో ఒప్పో, తన లెక్కలో ఎడమ చేతిలో వచ్చే మెరుగుదలకు, కుడి చేతిలో వచ్చే మెరుగుదలకు ఒకే విలువ లేదు.

ప్రశ్నలు అడిగి తెలుసుకునే పద్ధతులూ ఉన్నాయి. డాష్ అని 30 ప్రశ్నల పత్రం ఒకటి, చేతి జబ్బులన్నిటికీ వాడతారు. ఎం.ఎస్. కోసమే నెదర్లాండ్స్‌లో 31 ప్రశ్నలతో ఇంకోటి చేశారు. డాష్‌ను చెల్లెతో కూర్చుని చదివాను. స్వెటర్ తలమీదుగా తొడుక్కోగలరా, జుట్టు కడుక్కోగలరా లేదా డ్రయర్‌తో ఆరబెట్టుకోగలరా, కత్తితో తిండి కోసుకోగలరా. పప్పన్నం కలిపి ముద్ద చేసి జారకుండా నోటిదాకా తెచ్చుకోగలరా అని ఎక్కడా లేదు. తడి చీర పిండగలరా అని లేదు. రోజుకు మూడు పూటలా చేసే పని పత్రంలో లేకపోతే ఆ పత్రం మార్కులు పెరిగాయా తగ్గాయా అని మేమెందుకు చూడాలి?

ఏసీ గది కొలత, మే నెల చెయ్యి

ఎం.ఎస్. ఉన్నవాళ్ళకు ఒళ్ళు వేడెక్కితే లక్షణాలు తాత్కాలికంగా ఎక్కువవుతాయి. దెబ్బతిన్న నరంలో సంకేతం వేడికి ఇంకా మందగిస్తుంది. విల్హెల్మ్ ఊథాఫ్ అనే జర్మన్ కంటి డాక్టర్ 1890లో, ఒంటికి శ్రమ కలిగినప్పుడు చూపు మందగించడం గమనించి రాశాడు కాబట్టి దీనికి ఆయన పేరు. నల్లగొండ, మహబూబ్‌నగర్ వైపు ఎండలు ఎలా ఉంటాయో మనకు కొత్తగా చెప్పాల్సిన పని లేదు. మే నెలలో మధ్యాహ్నం మూడింటికి చెల్లె చేతికి గ్లాసు కూడా నిలవదు. అదే చెయ్యి జనవరి ఉదయం బియ్యంలో రాళ్ళు ఏరుతుంది.

నిరుటి 41 సెకన్లు ఏప్రిల్‌లో, పొద్దున్నే ఊరి నుంచి బయలుదేరి బస్సులో ఎండకు మాడిపోయి, క్యూలో నిలబడ్డాక తీసిన కొలత. ఈసారి 32 డిసెంబరులో, ముందురోజే పోయి చుట్టాలింట్లో పడుకుని లేచి చేసినది. ఫైలులో తేదీ ఉంది. టైమ్ లేదు, ఎలా వచ్చిందన్నది లేదు. ఆ తొమ్మిది సెకన్లలో మందు వాటా ఎంత, చలికాలం వాటా ఎంత, నిద్ర వాటా ఎంత? విడదీసి చెప్పగలిగేవాళ్ళు లేరు. పైగా ఈ టెస్టును మళ్ళీ మళ్ళీ చేస్తే చేతికి అలవాటై మొదటి కొన్నిసార్లలో సమయం తగ్గుతుందనీ తెలిసిన సంగతే.

చెల్లె మాట కూడా పూర్తి కొలత కాదు

ఇంతవరకు చదివి, అయితే టెస్టులు పక్కన పడేసి పేషెంటునే అడిగితే సరిపోదా అనుకోవచ్చు. నేనూ కొన్నాళ్ళు అలాగే వాదించాను. నన్ను ఆపింది మా అమ్మ. జడ సంగతి మీద నేను ఆవేశంగా మాట్లాడుతుంటే అమ్మ అంది: "మరి పిలగాని అంగీ గుండీలు ఎవరు వెడుతున్నరు? నిరుడు నేనే వెడుతుంటి." చూస్తే నిజమే. చెల్లె కొడుకు బడికి పోయే ముందు గుండీలు ఇప్పుడు తనే పెడుతోంది. ఎప్పుడు మొదలుపెట్టిందో తనకే గుర్తు లేదు. "అది గూడ లెక్కనేనా?" అని అడిగింది.

లెక్కే. అదే ఆ 32 సెకన్లు పట్టుకున్న మార్పు కావచ్చు. గుండీ కళ్ళ ముందు ఉంటుంది, పుల్లలాగే. పోగొట్టుకున్నది రోజూ గుచ్చుతుంది, తిరిగి వచ్చింది మర్చిపోతాం. 1989లో జేష్కె, సింగర్, గయట్ అనే పరిశోధకులు, పేషెంటు తనకు మేలు అనుకునే అతి చిన్న తేడా ఎంతో పేషెంటునే అడిగి తేల్చాలన్నారు. అప్పటికంటే ఇప్పుడు ఎంత మెరుగు, ఎంత అధ్వానం అని మైనస్ ఏడు నుంచి ప్లస్ ఏడు దాకా స్కేలు ఇచ్చారు. దాని మీద వచ్చిన విమర్శ కూడా బలమైనదే. ఆరు నెలల కిందటి చెయ్యి ఎవరికి సరిగ్గా గుర్తుంటుంది? ఇవాళ ఎలా ఉందో దాన్నిబట్టే అప్పటిదాన్ని ఊహించుకుంటాం. చెల్లె విషయంలో అక్షరాలా అదే జరిగింది.

ఇంకో చిక్కు ఉంది. చేయగలగడం వేరు, చేయడం వేరు. చెల్లె ఇప్పుడు చాయ్ గిన్నె పొయ్యి మీంచి దించగలదు. కానీ అత్తమ్మ దించనివ్వదు, ఒకసారి ఒలికి కాలింది కాబట్టి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2001లో ఇచ్చిన పద్ధతిలో ఈ రెంటినీ వేరువేరుగా చూడమనే ఉంది. రెండు మణికట్లకూ వాచీలాంటి సెన్సర్లు కట్టి ఇంట్లో చేతులు ఎంత కదులుతున్నాయో చూస్తున్నారు కొన్ని దేశాల్లో. అది కొంత చెబుతుంది. ఆ ఇంట్లో ఎవరు ఏ పని చేయనిస్తున్నారో మాత్రం చెప్పదు.

దిగజారే జబ్బులో నిలబడడం కూడా గెలుపే. మెరుగుదల గీత ఎక్కడ గీసినా, ఆగిపోయిన చేతిని మార్పు లేదు అనే గడిలో పడేసే లెక్క నాకు అన్యాయంగా కనిపిస్తుంది. చెల్లె మాట ఇది: "ఇట్లనే ఉన్నా సాలు, ఇంక కిందికి పోకుంటే."

పనిని మార్చినప్పుడు

మా వైపు చేతి గురించి మాట్లాడితే ఆసు గుర్తుకు రాకుండా ఉండదు. రంగు వేసే ముందు దారాన్ని మేకుల చుట్టూ చేత్తో తిప్పి చుట్టే పని అది. ఆలేరు దగ్గరి చింతకింది మల్లేశం, వాళ్ళ అమ్మ ఒక చీర ఆసు పోయడానికి చేతిని వేలసార్లు అటూ ఇటూ తిప్పి భుజం పోగొట్టుకుంటుంటే చూడలేక లక్ష్మీ ఆసు యంత్రం చేశాడు. 2017లో పద్మశ్రీ వచ్చింది. ఆ యంత్రం వచ్చిన రోజు ఆమె భుజానికి ఏ టెస్టు చేసినా కొత్త మార్కు ఒక్కటి కూడా వచ్చి ఉండేది కాదు. చీర మాత్రం నొప్పి లేకుండా తయారైంది. చికిత్స చేసేవాళ్ళు దీన్ని ఆలోచించాలని నా కోరిక. వెనక హుక్కులను ముందుకు మార్చి కుట్టిస్తే పెగ్ సమయం మారదు, బతుకు మారుతుంది. ఆ మెరుగుదలను రాసే గడి ఫైలులో లేదు.

కొలత గురించి ఇంట్లో ఉన్న భయం ఒకటి డాక్టర్లకు తెలియదు. 2016 వికలాంగుల హక్కుల చట్టం ఎం.ఎస్.ను గుర్తించింది. కానీ మేలు అందాలంటే 40 శాతం వైకల్యం తేలాలి. వైకల్యాన్ని తేల్చే క్యాంపులో ఇచ్చే ఆ శాతం మీదే నెలనెలా పింఛను నడుస్తుంది. మెరుగుదల అన్న మాట ఫైలులో పడగానే మా బావ మొదట అడిగింది, ఈ కాగితం అక్కడ చూపిస్తే శాతం తగ్గిస్తారా అని. ఆయన్ని తప్పు పట్టలేను. ఒకే చెయ్యి ఒక గదిలో బాగైందని నిరూపించుకోవాలి, ఇంకో గదిలో బాగాలేదని. అలాంటప్పుడు మనిషి తన చేతి గురించి నిజం ఎవరికి చెబుతుంది?

ఏం అడిగాం

1968లో కిరెసుక్, షెర్మన్ అనే ఇద్దరు మానసిక ఆరోగ్య సేవల కోసం ఒక పద్ధతి తయారు చేశారు. చికిత్సకు ముందే మనిషితో కూర్చుని తనకు కావలసిన పనులు రాసుకుంటారు. ఒక్కోదానికి ఐదు మెట్లు, మైనస్ రెండు నుంచి ప్లస్ రెండు దాకా. అనుకున్నంత వస్తే సున్నా. తర్వాత ఫిజియోథెరపీలోకీ వచ్చింది. చెల్లెకూ ఇలాంటి కాగితం రాయమని అడిగాం. దీని మీద తన ఫిజియోథెరపిస్టు చెప్పిన అభ్యంతరం సబబైనదే: ఒకరు జడ అంటారు, ఒకరు సంతకం అంటారు, వందమందిని కలిపి మందు పనిచేసిందా అని ఎలా తేలుస్తాం? సులువైన పనులు రాసుకుని అందరూ గెలిచేస్తే? అందుకే సెకన్లు కావాలంటున్నాను. మందు పనిచేసిందా అన్నది వందమంది సెకన్లు చెబుతాయి. ఈ మనిషికి పనికొచ్చిందా అన్నది ఈ కాగితం చెబుతుంది. రెండూ ఒకే ఫైలులో పక్కపక్కన ఉండాలి. ఒకటి కదిలి ఇంకోటి కదలకపోతే ఎందుకని అడగాలి. జడ సంగతిలో మాకు స్పర్శ గురించి తెలిసింది ఆ తేడా వల్లే.

ఫిజియో ఒప్పుకున్నారు. మొదటి పని జడ: వెనక్కి చేతులు పెట్టి, అద్దం లేకుండా, సగం దాకా విడిపోకుండా వస్తే సున్నా. రెండోది పప్పన్నం, నలుగురితో కూర్చుని. చిటికి పని రాస్తానంటే ఆయన మొదట వద్దన్నారు, అది అందకపోతే నిరాశ పడుతుందని. చెల్లె పట్టుబట్టింది. చివరికి డిజైను మొత్తం కాకుండా ఒక్క వరుస కట్టడం, పట్టు సడలకుండా, అని రాశారు. పెగ్ సమయం పక్కన ఇకమీద టైమూ, ఎండాకాలమా చలికాలమా అన్నదీ, ఆ రోజు ప్రయాణం చేసి వచ్చిందా అన్నదీ రాస్తామన్నారు. తర్వాతి టెస్టును మళ్ళీ ఏప్రిల్‌లోనే పెట్టించుకున్నాం, నిరుటి 41తో పోల్చడానికి.